షోలా అడవులు

షోలా అడవులు దక్షిణ భారతదేశంలో పశ్చిమ కనుమల ఎత్తైన ప్రాంతాలలో, కొండల మధ్య లోయలలోను, వాగుల వెంబడి ఉండే పల్లపు మడతలలోను పెరిగే పొట్టి సతతహరిత అడవులు. ఇవి ఉష్ణమండల పర్వత వర్షారణ్యాలలో ఒక విశిష్టమైన రకం. సాధారణంగా సముద్రమట్టానికి 1,500 మీటర్లకు పైబడిన ఎత్తులో ఇవి కనిపిస్తాయి. ఇతర వర్షారణ్యాల వలె ఇవి కొండనంతటినీ కప్పివేయవు. విశాలమైన గడ్డి మైదానాల నడుమ ముక్కలు ముక్కలుగా, స్పష్టమైన అంచులతో ఉంటాయి. ఈ అడవి ముక్కలు, వాటి చుట్టూ ఉన్న గడ్డినేలలు కలిసి ఒకే జీవావరణ వ్యవస్థగా పరిగణించబడతాయి. అందువలన శాస్త్ర గ్రంథాలలో దీనిని తరచుగా "షోలా-గడ్డి మైదాన వ్యవస్థ" అని వ్యవహరిస్తారు.

షోలా అడవులలోని వృక్షజాతుల సంఖ్య దిగువ వర్షారణ్యాలలోని సంఖ్య కంటే తక్కువ. కాని ఇక్కడి జాతులలో చాలా భాగం ప్రపంచంలో మరెక్కడా పెరగనివి, లేదా పశ్చిమ కనుమలకు, శ్రీలంకకు మాత్రమే పరిమితమైనవి. దక్షిణాది నదులు అనేకం ఈ కొండలలోనే పుడుతున్నాయి. ఈ రెండు కారణాల వలన వీటి విస్తీర్ణం తక్కువైనా ప్రాముఖ్యత ఎక్కువ.

పేరు

"షోలా" అనేది తమిళంలో తోపు, చిట్టడవి అనే అర్థం గల "చోలై" అనే పదం నుండి వచ్చింది. ఆంగ్లేయుల కాలంలో అటవీ శాఖ రికార్డులలోకి ఈ పదం ప్రవేశించి, తరువాత వృక్షశాస్త్రంలో స్థిరపడింది. భారతదేశపు అడవులను వర్గీకరించిన ఛాంపియన్, సేథ్ (1968) వీటిని "దక్షిణాది పర్వత ఆర్ద్ర సమశీతోష్ణ అడవులు" అనే తరగతిలో చేర్చారు. ఈ ప్రాంతం భౌగోళికంగా ఉష్ణమండలంలోనే ఉన్నది కనుక "సమశీతోష్ణ" అనే మాట సరికాదని, "ఉష్ణమండల పర్వత అడవులు" అనడమే యుక్తమని కొందరు శాస్త్రవేత్తల అభిప్రాయం. ఇక్కడి చలి అక్షాంశం వలన కాక ఎత్తు వలన కలిగినది. పగటికీ రాత్రికీ మధ్య ఉష్ణోగ్రతలో ఉండే తేడా, వేసవికీ శీతాకాలానికీ మధ్య ఉండే తేడా కంటే ఎక్కువ. ఉష్ణమండల పర్వతాల ముఖ్య లక్షణం ఇదే.

విస్తరణ

షోలా అడవులు తమిళనాడు, కేరళ, కర్ణాటక రాష్ట్రాలలో వ్యాపించి ఉన్నాయి. ముఖ్యమైన ప్రాంతాలు:

• నీలగిరి పీఠభూమి. దీని అత్యున్నత శిఖరం దొడ్డబెట్ట (2,637 మీటర్లు).
• ఆనైమలై కొండలు, వాటిని ఆనుకొని ఉన్న మున్నార్ పీఠభూమి. హిమాలయాలకు దక్షిణాన భారతదేశంలో అత్యున్నత శిఖరమైన ఆనైముడి (2,695 మీటర్లు) ఇక్కడే ఉన్నది.
• పళని కొండలు. కొడైకెనాల్ పట్టణం వీటిపైనే ఉన్నది.
• కర్ణాటకలోని కుద్రేముఖ్, బాబాబుడన్, బ్రహ్మగిరి కొండలు. ఇక్కడ షోలాలు నీలగిరులలో కంటే తక్కువ ఎత్తులోనే మొదలవుతాయి.

నీలగిరులకు, ఆనైమలై కొండలకు మధ్య పాలక్కాడ్ కనుమ అనే వెడల్పైన పల్లపు ప్రాంతం ఉన్నది. చల్లని ఎత్తులకు అలవాటుపడిన జీవులకు ఈ వేడి పల్లం దాటరాని అడ్డంకి. అందుచేత ఒక్కొక్క కొండల సముదాయం సముద్రంలో దీవి వలె వేరుపడి ఉన్నది. ఇటువంటి వాటిని "ఆకాశ ద్వీపాలు" అని పిలుస్తున్నారు. షోలాలలో మాత్రమే నివసించే కొన్ని చిన్న పక్షులపై జరిగిన జన్యు పరిశోధనల ఫలితంగా 2017లో షోలికోలా, మాంటిసింక్లా అనే రెండు కొత్త ప్రజాతులు ఏర్పరచబడ్డాయి. కనుమకు ఇరువైపులా ఉన్న పక్షులు లక్షల సంవత్సరాలుగా వేరుపడి ఉన్నాయని ఆ పరిశోధనలు తెలిపాయి.

ఆంధ్ర ప్రదేశ్‌లోని తూర్పు కనుమలలో అత్యున్నత శిఖరాలలో ఒకటైన అర్మకొండ ఎత్తు సుమారు 1,680 మీటర్లు. తూర్పు కనుమలు తెగిపోయిన కొండల వరుసలే కాని నీలగిరుల వంటి ఎత్తైన విశాల పీఠభూమి కావు. నైరుతి ఋతుపవనాల వర్షం కూడా అక్కడ తక్కువ. అందువలన షోలా-గడ్డి మైదాన వ్యవస్థ పశ్చిమ కనుమలకే పరిమితమైనది.

శీతోష్ణస్థితి, నేల

ఎత్తు ప్రతి 100 మీటర్లకు సగటున సుమారు 0.6 డిగ్రీల సెల్సియస్ చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుంది. 2,200 మీటర్లకు పైన ఉన్న ఉదకమండలం (ఊటీ)లో సంవత్సరపు సగటు ఉష్ణోగ్రత సుమారు 14 నుండి 15 డిగ్రీలు. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు తేటగా ఉండే రాత్రులలో బయలు నేలలపై మంచు గడ్డకడుతుంది. ఇలా గడ్డకట్టిన మంచు పల్లపు గడ్డినేలలలో ఎక్కువగాను, చెట్ల నీడన బహు తక్కువగాను ఉంటుంది.

వర్షపాతం ఒకే పీఠభూమిపై కూడా చాలా మారుతుంది. నైరుతి ఋతుపవనాలను నేరుగా ఎదుర్కొనే పడమటి అంచున ఏటా 3,000 మిల్లీమీటర్లకు మించి వర్షం కురుస్తుండగా, ఊటీలో సుమారు 1,200 మిల్లీమీటర్లు మాత్రమే కురుస్తుంది. వర్షం లేని నెలలలో కూడా పొగమంచు కొమ్మలను తడుపుతూ ఉంటుంది. కొమ్మలపై దట్టంగా పెరిగే నాచులు, ఫెర్న్‌లు, ఆర్కిడ్‌లు ఈ తేమను పట్టి ఉంచుతాయి.

నీలగిరుల శిల ప్రధానంగా చార్నకైట్. షోలాల క్రింద నేల నల్లగా, కుళ్ళిన ఆకులతో నిండి, లోతుగా ఉంటుంది. చలి వలన ఆకులు నెమ్మదిగా కుళ్ళుతాయి కనుక సేంద్రియ పదార్థం అధికంగా పోగవుతుంది.

అడవి నిర్మాణం

షోలా చెట్లు సాధారణంగా 10 నుండి 15 మీటర్ల ఎత్తు పెరుగుతాయి. బాగా రక్షణ ఉన్న లోయలలో 20 మీటర్ల వరకు పెరగవచ్చు. దిగువ వర్షారణ్యాలలో చెట్లు 30-40 మీటర్ల ఎత్తుతో అంతస్తులుగా పెరుగుతాయి. షోలాలలో అటువంటి అంతస్తులు స్పష్టంగా కనిపించవు. చెట్ల తలలన్నీ ఒకే మట్టంలో, గుండ్రంగా, దగ్గరదగ్గరగా ఉండి దూరం నుండి పచ్చని గొడుగుల గుంపు వలె కనిపిస్తాయి. మొదళ్ళకు పలకల వంటి ఆధార వేళ్ళు ఉండవు. మానులు వంకరలు తిరిగి, నాచుతో కప్పబడి ఉంటాయి. ఆకులు చిన్నవి, దళసరివి, తోలు వలె గట్టివి. లేత ఆకులు అనేక జాతులలో ఎర్రగాను, గులాబి రంగులోను ఉండుట వలన చిగురించే కాలంలో అడవి రంగురంగులుగా మారుతుంది.

చెట్ల క్రింద కాఫీ కుటుంబానికి చెందిన పొదలు, స్ట్రోబిలాంథస్ జాతులు పెరుగుతాయి. స్ట్రోబిలాంథస్ ప్రజాతికే చెందిన నీలకురింజి మాత్రం గడ్డినేలల మొక్క. ఇది 12 సంవత్సరాలకు ఒకమారు సామూహికంగా పూస్తుంది. 2006లోను, 2018లోను ఇది విస్తారంగా పూచింది.

ముఖ్యమైన వృక్షజాతులు

షోలా చెట్లలో ఎక్కువ వాటికి తెలుగు పేర్లు లేవు. కాని వాటి బంధువులలో కొన్ని తెలుగువారికి సుపరిచితమైనవే. కుటుంబాల వారీగా ముఖ్యమైన జాతులు ఈ విధంగా ఉన్నాయి.

• దాల్చిన కుటుంబం (లారేసీ): షోలాలలో అత్యధిక జాతులు గల కుటుంబాలలో ఇది ఒకటి. సిన్నమోమమ్ వైటియై, లిట్సియా వైటియానా, నియోలిట్సియా, ఆక్టినోడాఫ్నే జాతులు ఇందులోనివి. వీటి ఆకులను నలిపితే సువాసన వస్తుంది.
• నేరేడు కుటుంబం (మిర్టేసీ): సైజీజియమ్ డెన్సిఫ్లోరమ్, సైజీజియమ్ కాలోఫిల్లిఫోలియమ్ మొదలైనవి. మన నేరేడు కూడా సైజీజియమ్ ప్రజాతిలోనిదే.
• సంపంగి కుటుంబం (మాగ్నోలియేసీ): మాగ్నోలియా నీలగిరికా. దీని పూర్వనామం మైకేలియా నీలగిరికా. సువాసన గల తెల్లని పూలు పూస్తుంది. దక్షిణ పశ్చిమ కనుమలలోను, శ్రీలంకలోను మాత్రమే సహజంగా పెరుగుతుంది.
• రుద్రాక్ష ప్రజాతి (ఎలియోకార్పస్): ఎలియోకార్పస్ రికర్వేటస్, ఎలియోకార్పస్ మన్రోయై మొదలైనవి. పళని కొండల నుండి 1972లో వర్ణించబడిన ఎలియోకార్పస్ బ్లాస్కోయై చాలాకాలం కనిపించకుండా పోయి, తరువాత తిరిగి కనుగొనబడింది. ఇది అంతరించే ప్రమాదంలో ఉన్న వృక్షం.
• లొద్దుగ ప్రజాతి (సింప్లోకోస్): అనేక జాతులు అడవి లోపలా, అంచులలోనూ పెరుగుతాయి.
• తేయాకు కుటుంబం (థియేసీ): గోర్డోనియా అబ్టూసా. తేయాకు తోటల కోసం షోలాలు నరికివేయబడిన కొండలలో, ఆ తేయాకుకు దగ్గరి బంధువైన వృక్షం సహజంగానే ఉండుట గమనార్హం.
• ఇలెక్స్ ప్రజాతి: ఇలెక్స్ డెంటికులాటా, ఇలెక్స్ వైటియానా. ఇవి షోలాలలో పెద్దవిగా పెరిగే చెట్లలో చేరతాయి.
• డాఫ్నిఫిల్లమ్ నీల్గెర్రెన్స్, టెర్న్‌స్ట్రోమియా, మెలియోస్మా, మైక్రోట్రోపిస్, షెఫ్లెరా మొదలైన ఇతర జాతులు.
• రోడోడెండ్రాన్ ఆర్బోరియమ్ (నీలగిరి ఉపజాతి): ఎర్రని పూల గుత్తులు పూసే ఈ చెట్టు అడవి అంచున, ఒక్కొక్కమారు గడ్డినేలలో ఒంటరిగా కూడా పెరుగుతుంది. దళసరి బెరడు వలన మంటలను కొంతవరకు తట్టుకొంటుంది.

రోడోడెండ్రాన్ వృక్షం వృక్షభూగోళ శాస్త్రంలో ఒక ప్రసిద్ధ సమస్యకు మూలమైనది. ఇదే జాతి హిమాలయాలలో విస్తారంగా పెరుగుతుంది. మధ్యలో ఉన్న సుమారు 2,000 కిలోమీటర్ల వేడి మైదానాలలో ఎక్కడా లేదు. షోలాలలోని మరికొన్ని ప్రజాతులకు కూడా ఇటువంటి హిమాలయ సంబంధం ఉన్నది. సుందర్‌లాల్ హోరా అనే జంతుశాస్త్రజ్ఞుడు ప్రధానంగా చేపల ఆధారంగా 1949లో "సాత్పురా సిద్ధాంతం" ప్రతిపాదించాడు. దాని ప్రకారం పూర్వం సాత్పురా, వింధ్య పర్వతాలు వంతెన వలె పనిచేసి, తూర్పు హిమాలయాల జీవులు పశ్చిమ కనుమలకు చేరుటకు దారి ఇచ్చాయి. హిమయుగపు చల్లని వాతావరణంలో చలిప్రాంతపు మొక్కలు తక్కువ ఎత్తుల గుండా వ్యాపించి, తరువాత వేడి పెరిగినపుడు కొండల పైభాగాలకే పరిమితమయ్యాయనేది మరొక వివరణ.

ఎత్తును బట్టి వృక్షజాతుల వితరణ

పర్వతంపై ఎత్తు మారే కొద్దీ వృక్షజాతులు మారుతాయనే విషయాన్ని క్రమబద్ధంగా వివరించిన తొలి శాస్త్రజ్ఞులలో అలెగ్జాండర్ వాన్ హంబోల్ట్ ముఖ్యుడు. అతడు 1802లో ఈక్వడార్‌లోని చింబొరాజో పర్వతాన్ని ఎక్కుతూ చేసిన పరిశీలనలను 1807లో ప్రచురించాడు. అతడు చెప్పిన సూత్రం పశ్చిమ కనుమలకు కూడా వర్తిస్తుంది.

నీలగిరుల ఉత్తరపు పాదాన ఉన్న ముదుమలై వర్షచ్ఛాయా ప్రాంతం. అక్కడ టేకు, తెల్లమద్ది వంటి చెట్లు గల ఆకురాల్చు అడవి ఉన్నది. వర్షం ఎక్కువగా ఉండే పడమటి వాలులపై సుమారు 1,400 మీటర్ల వరకు ఎత్తైన సతతహరిత వర్షారణ్యం ఉంటుంది. పాండిచ్చేరి ఫ్రెంచి సంస్థకు చెందిన జాన్-పియర్ పాస్కల్ 1980లలో ఈ అడవులను విస్తృతంగా అధ్యయనం చేశాడు. దక్షిణ పశ్చిమ కనుమల మధ్యస్థ ఎత్తులలోని అడవిని అతడు అందులోని ప్రధాన వృక్షాల పేరిట కల్లెనియా-మెసువా-పలాక్వియమ్ రకంగా గుర్తించాడు. ఇందులోని మెసువా మనం నాగకేసరం అని పిలిచే వృక్షం. ఇంకా పైకి పోయే కొద్దీ ఈ మహావృక్షాలు తగ్గి, దాల్చిన, నేరేడు కుటుంబాల చెట్లు హెచ్చుతాయి. సుమారు 1,800 మీటర్లు దాటేసరికి అడవి పూర్తిగా షోలా రూపం ధరిస్తుంది.

అయితే ఈ హద్దులు అన్ని కొండలపైనా ఒకే ఎత్తులో ఉండవు. ఒంటరిగా నిలిచిన చిన్న కొండపై పొట్టి అడవి తక్కువ ఎత్తులోనే మొదలవుతుంది. పెద్ద పర్వత రాశిలో లోపలి భాగాలు ఎక్కువ వేడిని నిలుపుకొంటాయి కనుక అదే రకం అడవి మరింత ఎత్తున మొదలవుతుంది. దీనిని "పర్వతరాశి ప్రభావం" అంటారు. గాలి తాకిడి, పొగమంచు ఎంత ఎత్తున నిలుస్తుందనేది కూడా ఈ తేడాకు కారణాలు.

జాతుల సంఖ్య ఎందుకు తగ్గుతుంది?

ఉష్ణమండల పర్వతాలపై ఒక నిర్ణీత విస్తీర్ణంలో కనిపించే వృక్షజాతుల సంఖ్య, కొంత ఎత్తు దాటిన తరువాత క్రమంగా తగ్గుతుంది. ఆల్విన్ జెంట్రీ అనే అమెరికా వృక్షశాస్త్రజ్ఞుడు 1988లో ప్రచురించిన వ్యాసంలో ఆండీస్ పర్వతాల గురించి ఈ విషయాన్ని వివరించాడు. అక్కడ సుమారు 1,500 మీటర్లకు పైన జాతుల సంఖ్య తగ్గుతూ పోతుంది. ఆ మధ్యస్థ ఎత్తులలో దాల్చిన కుటుంబమే ప్రధానమైనది. రెండు ఖండాల అడవులు ఈ విషయంలో ఒకే పోలిక కలిగి ఉండుట విశేషం.

ఈ తగ్గుదలకు చెప్పబడే కారణాలు:

• చలి వలన ఎదుగుదల మందగిస్తుంది. వేడి ప్రాంతాలలో పుట్టిన అనేక వృక్ష కుటుంబాలు చలిని తట్టుకోలేవు.
• పొగమంచు వలన సూర్యరశ్మి తగ్గుతుంది.
• ఆకులు నెమ్మదిగా కుళ్ళుటచే నేలలో పోషకాలు ఆలస్యంగా విడుదలవుతాయి.
• పైకి పోయే కొద్దీ నేల విస్తీర్ణం తగ్గుతుంది. చిన్న ప్రాంతంలో తక్కువ జాతులే నిలుస్తాయి.
• కొండల పైభాగాలు ఒకదానికొకటి దూరంగా ఉండుట వలన ఒకచోట నశించిన జాతి మరొక చోటి నుండి తిరిగి రావడం కష్టం.

ఈ చివరి కారణమే మరొక వైపు నుండి లాభం కూడా చేకూరుస్తుంది. వేరుపడి ఉన్న మొక్కలు కాలక్రమంలో వేరు జాతులుగా మారతాయి. అందువలననే ఎత్తు పెరిగే కొద్దీ మొత్తం జాతులు తగ్గినా, స్థానికంగా మాత్రమే ఉండే జాతుల నిష్పత్తి పెరుగుతుంది.

పోల్చి చూచుటకు కొన్ని ఉదాహరణలు: ముదుమలైలో భారతీయ విజ్ఞాన సంస్థ 1988లో ఏర్పాటు చేసిన 50 హెక్టార్ల పరిశీలనా క్షేత్రంలో సుమారు 70 వృక్షజాతులు ఉన్నాయి. బోర్నియో దీవిలోని లాంబిర్ కొండల దిగువ వర్షారణ్యంలో 52 హెక్టార్లలో దాదాపు 1,200 వృక్షజాతులు ఉన్నాయి. జాతుల సంఖ్యను ఎత్తు ఒక్కటే నిర్ణయించదని, వర్షపాతం, ఆ ప్రాంతపు జీవచరిత్ర కూడా నిర్ణయిస్తాయని దీనివలన తెలుస్తుంది. అదే బోర్నియోలోని కినబాలు పర్వతం (4,095 మీటర్లు) పర్వత వర్షారణ్యాలకు ప్రసిద్ధి చెందినది. ఆ పర్వతంపై 5,000 నుండి 6,000 వరకు మొక్కల జాతులు ఉన్నట్లు అంచనా. కినబాలు అడవులలో ఓక్ కుటుంబపు చెట్లు, పోడోకార్ప్ జాతి శంకుధారి వృక్షాలు విరివిగా ఉన్నాయి. పశ్చిమ కనుమలలో ఓక్ కుటుంబానికి చెందిన సహజ వృక్షం లేదు. ఇక శంకుధారులలో దక్షిణ ద్వీపకల్పంలో సహజంగా పెరిగేది నాగేయా వాలిచియానా ఒక్కటే. అది కూడా షోలాలకు దిగువన ఉండే సతతహరిత అడవులలో అరుదుగా కనిపిస్తుంది.

అడవికి, గడ్డికి మధ్య సరిహద్దు

షోలా చెట్లు తమ అంచు దాటి గడ్డినేలలోకి ఎందుకు వ్యాపించవు అనే ప్రశ్నపై దీర్ఘకాలం వాదోపవాదాలు జరిగాయి. 1938లో "ఇండియన్ ఫారెస్టర్" పత్రికలో రెండు భిన్నాభిప్రాయాలు వెలువడ్డాయి. మానవులు అడవిని నరికి, కాల్చి, పశువులను మేపుట వలన గడ్డినేలలు ఏర్పడినవని ఎన్. ఎల్. బోర్ భావించాడు. గడ్డకట్టే మంచు వలన చెట్ల మొలకలు బయలులో బ్రతకలేవని, గడ్డినేలలు సహజమైనవేనని సి. ఆర్. రంగనాథన్ వాదించాడు.

ఈ వివాదంలో ముఖ్యమైన ఆధారం నీలగిరుల బురదనేలల నుండి లభించింది. అక్కడ వేల సంవత్సరాలుగా పొరలు పొరలుగా పేరుకొన్న కుళ్ళిన మొక్కల పదార్థంలోని కర్బన ఐసోటోపులను ఆర్. సుకుమార్, అతని సహచరులు పరిశీలించి 1993లో "నేచర్" పత్రికలో ప్రచురించారు. చెట్లలోను, ఉష్ణమండలపు గడ్డి జాతులలోను ఈ ఐసోటోపుల నిష్పత్తి వేరువేరుగా ఉంటుంది కనుక ఏ కాలంలో ఏది హెచ్చుగా ఉన్నదో తెలుసుకొనవచ్చు. సుమారు 20,000 సంవత్సరాల క్రితం, అనగా హిమయుగం తీవ్రంగా ఉన్న పొడి కాలంలో, గడ్డి ప్రబలంగా ఉన్నట్లు తేలింది. తరువాత ఋతుపవనాలు బలపడిన తడి కాలంలో చెట్లు, తేమను కోరే మొక్కలు హెచ్చాయి. అంటే ఈ కొండలపై వ్యవసాయం మొదలు కావడానికి చాలా ముందే గడ్డినేలలు ఉన్నాయి. అడవి, గడ్డి వాతావరణాన్ని బట్టి పెరుగుతూ తరుగుతూ వచ్చాయి.

మంచు ప్రభావంపై జరిగిన క్షేత్ర ప్రయోగాలు 2020లో ప్రచురితమయ్యాయి. బయలు గడ్డినేలలో షోలా చెట్ల మొలకలు శీతాకాలపు మంచుకు చనిపోతున్నాయని, విదేశీ వాటిల్ మొలకలు మాత్రం తట్టుకొంటున్నాయని వాటిలో తేలింది. మంటలు, మేత కూడా సరిహద్దును కొంతవరకు ప్రభావితం చేస్తాయి. అయినా గడ్డినేలలు "చెడిపోయిన అడవి" కావని, అవి స్వతంత్రమైన ప్రాచీన వృక్షసముదాయమని నేడు శాస్త్రజ్ఞులు విస్తృతంగా అంగీకరిస్తున్నారు.

పరిశోధన చరిత్ర

కోయంబత్తూరు కలెక్టరు జాన్ సల్లివన్ 1819లో నీలగిరులను సందర్శించిన తరువాత అక్కడ యూరోపియన్ల నివాసం మొదలైనది. అంతకు ఎంతో ముందు నుండి తోడా, కోటా, కురుంబ, బడగ ప్రజలు ఈ కొండలలో నివసిస్తున్నారు. తోడాల జీవనం గేదెలపైనా, అవి మేసే గడ్డినేలలపైనా ఆధారపడినది.

మద్రాసు ప్రభుత్వ సేవలో ఉన్న వైద్యుడు రాబర్ట్ వైట్ దక్షిణాది వృక్షాలను వర్ణించినవారిలో ప్రముఖుడు. పైన చెప్పిన "వైటియై", "వైటియానా" అనే పేర్లు ఆయన గౌరవార్థం పెట్టినవే. ఆయన 1838-1853 మధ్య ఆరు సంపుటాల చిత్ర గ్రంథాన్ని, 1846-1851 మధ్య నీలగిరి మొక్కలపై ప్రత్యేక గ్రంథాన్ని వెలువరించాడు. వైట్ గ్రంథాలకు బొమ్మలు గీసినవారు రంగయ్య, గోవిందు అనే భారతీయ చిత్రకారులు. గోవిందు పేరిట వైట్ ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందూయియా అని నామకరణం చేశాడు.

తరువాత పి. ఎఫ్. ఫైసన్ నీలగిరి, పళని కొండ శిఖరాల మొక్కలపైనా, జె. ఎస్. గాంబుల్ మద్రాసు ప్రెసిడెన్సీ మొక్కలపైనా గ్రంథాలు రచించారు. ఫ్రాంస్వా బ్లాస్కో 1971లో దక్షిణ భారత పర్వతాలపై ఫ్రెంచి భాషలో గ్రంథం ప్రచురించాడు. ఎలియోకార్పస్ బ్లాస్కోయై ఆయన పేరు మీదనే ఉన్నది. కె. ఎం. మాథ్యూ రచించిన పళని కొండల వృక్షసంపద గ్రంథం 1999లో వెలువడింది.

నీటి వనరుగా ప్రాముఖ్యత

కావేరి నదీ వ్యవస్థలోని భవాని, మోయార్, అమరావతి నదులకు షోలా కొండలే జన్మస్థానం. వైగై నదికి కూడా పళని కొండల నుండి నీరు చేరుతుంది. తెలుగు ప్రాంతాలకు కూడా ఈ అడవులతో సూటి సంబంధం ఉన్నది. కుద్రేముఖ్ ప్రాంతంలోని గంగామూల వద్ద తుంగ, భద్ర నదులు పుడుతున్నాయి. ఇవి కూడలి వద్ద కలిసి తుంగభద్రగా మారి, రాయలసీమ సరిహద్దుల గుండా ప్రవహించి, ఆలంపురం సమీపాన కృష్ణానదిలో కలుస్తాయి. ఆ కుద్రేముఖ్ కొండలలో దశాబ్దాలు సాగిన ఇనుప ఖనిజ త్రవ్వకం సుప్రీంకోర్టు తీర్పును అనుసరించి 2005 చివరికి నిలిచిపోయింది.

సేంద్రియ పదార్థం అధికంగా గల షోలా నేల, గడ్డినేల వర్షపు నీటిని ఇంకించుకొని నెమ్మదిగా వాగులకు వదులుతాయి. కోటగిరి సమీపంలోని లాంగ్‌వుడ్ షోలా 116 హెక్టార్ల చిన్న అడవి. పరిసర గ్రామాలకు అదే మంచినీటి ఆధారం. 2024లో అది రామ్‌సర్ చిత్తడి నేలల జాబితాలో చేర్చబడింది.

ముప్పులు

షోలా-గడ్డి మైదాన వ్యవస్థకు గత రెండు శతాబ్దాలలో కలిగిన నష్టంలో పెద్ద భాగం చెట్లను నరుకుట వలననే కాక, చెట్లను నాటుట వలన కూడా కలిగినది. గడ్డినేలలను "బంజరు" అని భావించి, వంటచెరకు, తోలు ఊనుటకు కావలసిన బెరడు, కాగితపు గుజ్జు కోసం విదేశీ చెట్లను పెంచారు. ఆస్ట్రేలియా నుండి యూకలిప్టస్, వాటిల్ (తుమ్మకు బంధువైన అకేసియా జాతులు) 19వ శతాబ్దం పూర్వార్ధంలోనే నీలగిరులకు తేబడ్డాయి. స్వాతంత్ర్యం తరువాత కూడా అటవీ శాఖలు వాటిల్, పైన్ తోటలను విస్తరించాయి. తెలుగులో యూకలిప్టస్‌ను "నీలగిరి చెట్టు" అని కూడా పిలుస్తారు. ఆ పేరును బట్టి అది నీలగిరులలో పుట్టిన చెట్టని పలువురు పొరబడుతుంటారు. నీలగిరి తైలం తీసే యూకలిప్టస్ గ్లోబ్యులస్ స్వస్థలం టాస్మేనియా, ఆగ్నేయ ఆస్ట్రేలియా.

నీలగిరులలోని గ్లెన్‌మోర్గన్ వద్ద గడ్డినేలపై ఈ చెట్లను నాటి వాగు నీటిని కొలిచిన ప్రయోగంలో, మొదటి పదేళ్ల కోత కాలంలో నీటి పరిమాణం సగటున 16 శాతం తగ్గింది. పళని కొండల ఉపగ్రహ చిత్రాలను పరిశీలించిన అధ్యయనం 2018లో ప్రచురితమైనది. నాలుగు దశాబ్దాలలో అక్కడి పర్వత గడ్డినేలలలో సుమారు మూడింట రెండు వంతులు తోటలకు, వ్యవసాయానికి పోయినట్లు అది తెలిపింది.

నేడు వాటిల్ ఎవరూ నాటకుండానే వ్యాపిస్తున్నది. దాని విత్తనాలు నేలలో అనేక సంవత్సరాలు సజీవంగా ఉండి, మంటల తరువాత గుంపులుగా మొలకెత్తుతాయి. స్కాచ్ బ్రూమ్, గోర్స్ అనే ముళ్ళ, ముళ్ళులేని పొదలు గడ్డినేలలను, సెస్ట్రమ్ అడవి అంచులను ఆక్రమిస్తున్నాయి. తేయాకు, కూరగాయల సాగు, పట్టణాల విస్తరణ, జలాశయాల నిర్మాణం ఇతర కారణాలు.

వాతావరణం వేడెక్కుట మరొక ముప్పు. మైదాన ప్రాంతపు జాతులు వేడి పెరిగితే కొండపైకి జరగవచ్చు. శిఖరాల వద్ద ఉన్న షోలా జాతులకు అంతకంటే పైన చోటు లేదు. గడ్డకట్టే మంచు తగ్గితే గడ్డినేలలపై వాటిల్ వంటి చెట్ల ఒత్తిడి మరింత పెరుగుతుంది.

సంరక్షణ

నీలగిరి జీవావరణ రక్షిత ప్రాంతం 1986లో ఏర్పడింది. నీలగిరి తహర్ అనే కొండమేక సంరక్షణ కోసం కేరళలోని ఎరవికులం 1978లో జాతీయ వనంగా ప్రకటించబడింది. తమిళనాడులోని ముకుర్తి జాతీయ వనం కూడా అందుకు ప్రసిద్ధి. కేరళ ప్రభుత్వం 2003లో ఆనముడి షోలా, పాంపాడుం షోలా, మతికెట్టాన్ షోలాలను జాతీయ వనాలుగా ప్రకటించింది. 2012లో పశ్చిమ కనుమలలోని 39 ప్రదేశాలు యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చబడ్డాయి. వాటిలో పలు షోలా ప్రాంతాలు ఉన్నాయి.

షోలా పునరుద్ధరణ కష్టసాధ్యమైనది. ఈ చెట్లు నెమ్మదిగా పెరుగుతాయి. చాలా జాతుల మొలకలకు నీడ, తేమ అవసరం. విత్తనాలను మోసుకొనిపోయే నీలగిరి అడవి పావురం వంటి పక్షులు, ఇతర జంతువులు సమీపంలో ఉండాలి. కొన్ని పాత వాటిల్ తోటల నీడలో, దగ్గరలోని షోలా నుండి వచ్చిన విత్తనాలు మొలకెత్తి స్థానిక చెట్లు పెరుగుతున్నట్లు గమనించబడింది. అటువంటి చోట్ల విదేశీ చెట్లను ఒక్కసారిగా నరికివేయుట వలన మొలకలు ఎండకు, మంచుకు గురికాగలవు. పైగా తెరపి నేలలో వాటిలే తిరిగి మొలుస్తుంది. గడ్డినేలలలో మాత్రం కొత్తగా చేరిన వాటిల్ మొక్కలను చిన్నవిగా ఉన్నపుడే పీకివేసి, స్థానిక గడ్డి జాతులను తిరిగి నాటవలసి ఉంటుంది. ఒకే కొండపై లోయలో చెట్టును, వాలుపై గడ్డిని కాపాడవలసి ఉండుటయే ఈ వ్యవస్థ సంరక్షణలోని ప్రత్యేకత.